వన్స్‌మోర్ పశ్చాత్తాపం

అర్ధరాత్రి దాటి చాలాసేపయింది. పందిట్లో ముందు చాపల మీద పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నిద్రపోతున్నారు. స్టేజీ మీద బిల్వమంగళుడు ఉత్తరీయం తీసి పక్కన పడేశాడు. వరదలో ఉన్న ఏటిని తను దేన్ని పట్టుకొని దాటాడో, తాడనుకొని దేన్ని పట్టుకొని మేడ ఎక్కాడో అప్పుడే తెలిసింది. తన బతుకు మీద తనకే రోత పుట్టింది. హార్మోనియం శ్రుతి ఇవ్వగానే గొంతెత్తాడు. రాగం పైకి లాగాడు, అక్కడే కాసేపు నిలబెట్టాడు, మెల్లగా దించాడు. పద్యం అయిపోయింది, మనిషి మారిపోయాడు. సరిగ్గా అప్పుడే వెనక వరసల్లోంచి ఒక ఈల, దాని వెనకే ఒక కేక: వన్స్‌మోర్!

ఏం చేస్తాడు పాపం? హార్మోనిస్టు వైపు చూశాడు, పెట్టె మళ్ళీ పలికింది. నిమిషం కిందట విరాగి అయినవాడు వెనక్కి వెళ్ళి, ఆ రోతను మళ్ళీ పుట్టించుకొని, అదే పద్యాన్ని ఇంకో రెండు గమకాలు కలిపి పాడి రెండోసారి మారాడు. జనానికి మరీ ముచ్చటేస్తే మూడోసారీ మారాలి.

పద్యనాటకాల మధ్య పెరిగినవాళ్ళకు ఇందులో వింతేమీ ఉండదు. కొత్తగా చూసినవాళ్ళు మాత్రం నవ్వుకుంటారు. పశ్చాత్తాపానికి కూడా వన్స్‌మోర్ ఏమిటని. అయితే ఆ కేక వెనక ఒక పాత ప్రశ్న ఉంది. నాటకంలో చెడిపోయినవాడు నిజంగా బాగుపడతాడా, లేక బాగుపడినట్టు పాడతాడా? తెలుగు రంగస్థలం నూటనలభై ఏళ్ళకు పైగా ఈ ప్రశ్నతో కుస్తీ పడుతోంది. దానికి దొరికిన జవాబులు చాలావరకు స్టేజీ మీద కాక స్టేజీ వెనకా, రచయిత రాతబల్ల మీదా కనబడటం ఈ చరిత్రలో తమాషా.

నాటకం పుట్టకముందే చెడ్డవాళ్ళ కథలు మనకు బోలెడున్నాయి. శ్రీనాథుడి కాశీఖండంలో గుణనిధి జూదరి. శివరాత్రినాడు గుళ్ళో నైవేద్యం దొంగిలించబోయి, చీకట్లో కనబడటం లేదని తన గుడ్డ చించి దీపానికి వత్తి వేశాడు. కాపలావాళ్ళ చేతిలో చచ్చాడు. దొంగతనానికి వెలిగించిన ఆ దీపమే పుణ్యమై శివలోకానికి తీసుకెళ్ళింది. తెనాలి రామకృష్ణుడి పాండురంగ మాహాత్మ్యంలో నిగమశర్మది మరీ చోద్యం. పండితుల ఇంట పుట్టి సానుల కొంపల పాలైన తమ్ముణ్ణి బాగుచేయాలని పుట్టింటికి వచ్చిన అక్క బుజ్జగించింది, మందలించింది, కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తమ్ముడు బుద్ధిమంతుడిలా ఇంటిపట్టున ఉన్నాడు. అందరూ నమ్మాక ఒక రాత్రి ఇంట్లో నగలన్నీ మూటగట్టుకొని పోయాడు, అక్క ముక్కరతో సహా. తెల్లారాక అక్క అన్నిటికన్నా ఆ ముక్కర కోసమే ఎక్కువ ఏడుస్తుంది. కవి ఆమెకు పేరైనా పెట్టలేదు, అయినా తెలుగు సాహిత్యంలో నిగమశర్మ అక్కను ఎరగనివాడు లేడు. తమ్ముడు చివరికి ఒక నరసింహ క్షేత్రంలో ప్రాణాలు విడిచి, ఆ స్థలమహిమ వల్ల వైకుంఠానికి పోతాడు.

ఇద్దరికీ ముక్తి దొరికింది. ఇద్దరూ మారలేదు. పాత కవులకు ఈ రెండూ వేరువేరు సంగతులని బాగా తెలుసు. మోక్షం దేవుడి ఇష్టం, గుణం మనిషిది. దేవుడు తలుచుకుంటే మారనివాణ్ణి కూడా గట్టెక్కించగలడు. అంతకు మించి ఆ మనిషి మనసులో ఏం జరిగిందని ఎవరూ గుచ్చి అడగలేదు.

గోలకొండ కాలపు సారంగు తమ్మయ్య వైజయంతీ విలాసం దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క కొంచెం మెలి తిరిగింది. అక్కడ చెడేది మంచివాడు. శ్రీరంగంలో పూలతోట పెంచుకుంటూ, ఆడదాని ముఖం చూడని విప్రనారాయణుడు. చెరిపేది దేవదేవి, అక్కతో పందెం కట్టి మరీ. ఆ అక్క పేరు మధురవాణి. ఈ పేరు మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోవాలి.

1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థుల చేత నాటకాలు ఆడించడంతో తెలుగు రంగస్థలం కథ కొత్త మలుపు తిరిగింది. అలా ఆడినవాటిలో వ్యవహార ధర్మబోధిని ఒకటి. కోర్టుల చుట్టూ, ప్లీడర్ల చుట్టూ తిరిగే ప్రహసనం. ఆ మరుసటి సంవత్సరం డిసెంబరు 11న అదే ఊళ్ళో ఆయన మొదటి వితంతు వివాహం జరిపించాడు. సంఘాన్ని మార్చడమే పనిగా పెట్టుకున్నవాడు ఆయన. అయినా ప్రహసనాల్లో చెడ్డవాణ్ణి మార్చే పని పెట్టుకోలేదు. లంచగొండిని లంచగొండిగానే, ముసలి పెళ్ళికొడుకును ముసలి పెళ్ళికొడుకుగానే నిలబెట్టి నవ్వించాడు. సిగ్గుపడాల్సింది స్టేజీ మీదివాడు కాదు, కింద కూర్చున్నవాడు. ప్రహసనం ధర్మమే అది.

అటు బళ్ళారిలో సరసవినోదిని సభ పెట్టిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు మరో దారి తొక్కాడు. రాజమండ్రి కథే తీసుకొని విషాద సారంగధర రాశాడు. సవతితల్లి చిత్రాంగి మాట నమ్మి రాజరాజనరేంద్రుడు కొడుకు కాళ్ళూ చేతులూ నరికిస్తాడు. జానపద కథలో ఒక సిద్ధుడు వచ్చి వాటిని తిరిగి తెప్పిస్తాడు. ధర్మవరం సిద్ధుణ్ణి తీసేశాడు. తెలుగులో తొలి విషాదాంత నాటకమని దానికి పేరొచ్చింది, నాటకం ఏడుపుతో ముగియడమేమిటని సణుగుడూ వచ్చింది. తండ్రి నిజం తెలుసుకొని కుమిలిపోతే మాత్రం ఏం లాభం? తెగిన చేతులు రావు. మారడానికీ ఒక వేళ ఉంటుందనీ, అది దాటిపోతే మార్పుకు విలువ లేదనీ తెలుగు ప్రేక్షకుడికి మొదట చూపించింది ఆ నాటకమే.

కాళ్ళకూరి నారాయణరావు (1871–1927) మాత్రం మార్పునే నమ్ముకున్నాడు. సంఘంలోని ఒక్కో జబ్బుకు ఒక్కో నాటకం మందుగా రాశాడు. కట్నానికి వరవిక్రయం, తాగుడుకు మధుసేవ, సానుల వెంట తిరిగి ఆస్తులు తగలేసుకోవడానికి చింతామణి. వీటిలో వరవిక్రయం గట్టి నాటకం. కట్నమిచ్చి కొనుక్కున్నాం కాబట్టి మొగుడు మా సొత్తు, మేమెందుకు అత్తగారింటికి పోవాలని కోర్టులో కమల వాదించే తీరు ఇప్పటికీ కితకితలు పెడుతుంది. 1939లో సి. పుల్లయ్య దాన్ని సినిమా తీస్తే భానుమతి తొలిసారి తెరమీద కనబడింది, కట్నం కోసం నలిగి ప్రాణం తీసుకున్న కాళిందిగా. అయితే కాళ్ళకూరి పేరు ఊరూరా మోగించింది చింతామణే.

దాని మూలకథ పాతదే. శ్రీకృష్ణకర్ణామృతం రాసిన లీలాశుకుడు సన్యాసి కాకముందు బిల్వమంగళుడనే విలాసి అని ఐతిహ్యం. వరదరాత్రి శవాన్ని దుంగ అనుకొని ఏరు దాటి, పామును తాడు అనుకొని మేడెక్కి వచ్చిన అతణ్ణి చూసి చింతామణి అసహ్యించుకుంది. ఈ తపనలో కాస్త కృష్ణుడి మీద పెట్టుకుంటే తరించేవాడివి కదా అంది. అంతే, అతడు వెనుదిరిగాడు. ఎముకల గూడులాంటి ఈ కథకు కాళ్ళకూరి తన కాలపు కండ పెట్టాడు. బిల్వమంగళుణ్ణి ఆ ఇంటికి తీసుకొచ్చిన మిత్రుడు భవానీశంకరం, పెట్టె ఖాళీ అయ్యేదాకా వచ్చిపోయే వర్తకుడు సుబ్బిశెట్టి, కూతురి వయసును రూపాయల్లో లెక్కపెట్టే తల్లి శ్రీహరి, ఇంట్లో కూర్చొని ఏడ్చే భార్య రాధ. వీళ్ళంతా 1920 ప్రాంతపు గోదావరి జిల్లాల నుంచి లేచి వచ్చినవాళ్ళు. ఐతిహ్యం నుంచి వచ్చినవాళ్ళు ఇద్దరే, చింతామణీ బిల్వమంగళుడూ. నాటకంలో మారేది కూడా ఆ ఇద్దరే.

కాళ్ళకూరి అలా అనుకొని చేశాడో లేదో గానీ, నాటకం చీలిపోయింది అక్కడే. పురాణం నుంచి వచ్చినవాళ్ళు పురాణపద్ధతిలో బాగుపడ్డారు. కృష్ణుడు కరుణించాడు, కళ్ళు తెరుచుకున్నాయి. వీధి నుంచి వచ్చినవాళ్ళు వీధిలోనే ఉండిపోయారు. సుబ్బిశెట్టి డబ్బు పోగొట్టుకుంటాడు, తిట్లు తింటాడు, నవ్వులపాలవుతాడు. అతడికి కల్లోకి దేవుడు రాడు. ప్రేక్షకుడు ఎవరిని తన ఊరివాడిగా గుర్తుపట్టాడో వేరే చెప్పాలా?

నటులు ఈ సంగతి రచయితకన్నా ముందు పసిగట్టారు. పద్యం పాడగలిగినవాడు బిల్వమంగళుడయ్యాడు. ఆ వేషంలో బందా కనకలింగేశ్వరరావు ఎంత పేరు తెచ్చుకున్నాడంటే, చదువుకున్నవాళ్ళు కూడా ఆయన పద్యం కోసం వెళ్ళేవారు. చింతామణిగా స్థానం నరసింహారావు, ఆ తరవాత బుర్రా సుబ్రహ్మణ్యశాస్త్రి, ఇద్దరూ మగవాళ్ళే, చీర కుచ్చెళ్ళు సర్దుకునే తీరుతోనే చప్పట్లు కొట్టించారు. ఇక పద్యం రానివాడు, మాట వచ్చినవాడు సుబ్బిశెట్టి అయ్యాడు. పద్యానికి హద్దుంటుంది, నాలుగు పాదాలే. మాటకు హద్దేముంది? శ్రీహరి ఒకటంటుంది, సుబ్బిశెట్టి రెండంటాడు, జనం నవ్వితే నాలుగంటాడు. ఏడాదికేడాదీ, ఊరికి ఊరూ ఆ సీను పెరుగుతూ పోయింది. పుస్తకంలో లేని బూతు స్టేజీ మీద పుట్టి, ఒక ట్రూపు నుంచి ఇంకో ట్రూపుకు పాకి, చివరికి అదే అసలు నాటకం అనుకునేదాకా వచ్చింది. వేశ్యాలోలత్వం మానిపించాలని రాసిన నాటకానికి మగవాళ్ళు సరసం వినడానికి వెళ్ళారు. భక్తి ఘట్టం వచ్చేసరికి తెల్లవారుజాము.

వందేళ్ళు గడిచాక, 2022 జనవరిలో, తమ కులాన్ని కించపరుస్తున్నారని ఆర్యవైశ్య సంఘాలు చాలాకాలంగా చేస్తున్న ఫిర్యాదుల మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చింతామణి ప్రదర్శనలను నిషేధించింది. వ్యవహారం హైకోర్టుకెక్కింది. నాటకమే జీవనంగా ఉన్న కళాకారులు గొల్లుమన్నారు. ఎవరి బాధ వాళ్ళది, రెండువైపులా న్యాయం లేకపోలేదు. ఈ వ్యాసానికి కావలసిన ముక్క ఇంతే: చింతామణి నాటకంలో నిజంగా మారిన పాత్ర ఎవరంటే బిల్వమంగళుడు కాదు, సుబ్బిశెట్టి. కాళ్ళకూరి రాసిన సుబ్బిశెట్టి వేరు, వందేళ్ళ తరవాత నిషేధానికి గురైన సుబ్బిశెట్టి వేరు. అతణ్ణి మార్చింది దేవుడో గురువో కాదు, నవ్వే జనమూ, ఆ నవ్వు కోసం ఆశపడ్డ నటులూ. మారింది కూడా మంచివైపు కాదు.

చెడ్డవాడు మారతాడా అన్న ఇదే తగవు చింతామణికి ముందునుంచీ నడుస్తోంది. విజయనగరంలో.

ఆనందగజపతి మహారాజు ఒకప్పుడు విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్కపు పెళ్ళిళ్ళ జాబితా తీయించాడు. 1034 తేలాయి. ఆ పిల్లల్లో ఏడాది వయసువాళ్ళు ముగ్గురున్నారు. ఈ అంకెలను గురజాడ అప్పారావు తన కన్యాశుల్కం నాటకం ముందుమాటలో పెట్టాడు. నాటకం 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది. అక్కడితో అయిపోవాల్సిన పని. కాలేదు. గురజాడ మళ్ళీ కూర్చున్నాడు, పన్నెండేళ్ళ తరవాత 1909లో వచ్చిన రెండో కూర్పును చూస్తే అది దిద్దుబాటు కాదు, దాదాపు కొత్త నాటకం. ఏడంకాలకు పెరిగింది. మొదటిదాంట్లో అంత చోటు లేని సాని మధురవాణి రెండోదాంట్లో కథనంతా తన కొంగుకు ముడేసుకుంది.

అంటే మధురవాణి మారింది ఈ రెండు కూర్పుల మధ్య. నాటకం మొదటి అంకానికీ చివరి అంకానికీ మధ్య ఆమెలో వచ్చిన మార్పుకన్నా, 1897కూ 1909కీ మధ్య వచ్చిన మార్పు పెద్దది. సాని అంటే నాటకంలో ఒక సరదా ముక్కగా ఉండే రోజుల్లో, ఒక రచయిత తను రాసిన మనిషి దగ్గరికే తిరిగి వెళ్ళి, ఈమెను నేను సరిగ్గా చూడలేదని ఒప్పుకొని మళ్ళీ చూశాడు. తెలుగు సాహిత్యంలో పశ్చాత్తాపం అంటూ ఒకటి నిజంగా జరిగి ఉంటే ఇది ఆ కోవలోకి వస్తుంది. దానికి పద్యమూ లేదు, హార్మోనియమూ లేదు.

రెండో కూర్పులో ఆఖరి ఘట్టాన్ని కాస్త ఆగి చూడాలి. విశాఖపట్నంలో వకీలు సౌజన్యారావు పంతులు బస. రాత్రి. ముసలి లుబ్ధావధాన్లు మీద ఖూనీ కేసు పడింది. అతడు డబ్బిచ్చి చేసుకున్న పెళ్ళికూతురు మాయమైంది కాబట్టి చంపేశాడని అభియోగం. ఆ పెళ్ళికూతురు అసలు ఆడపిల్లే కాదని, ఆడవేషం వేసిన కుర్రాడని తెలిసిన మనిషి ఒకరు మగవేషంలో ఆ బసకు వచ్చారు. తలపాగా తీస్తే మధురవాణి. సౌజన్యారావు భోగంవాళ్ళ నీడ పడనివ్వని వ్రతస్థుడు. తనకు తెలిసింది చెప్పి కేసు వీగిపోయేలా చేయడానికి ఆమె అడిగిన వెల డబ్బు కాదు, ఒక ముద్దు. పెద్దమనిషి చిక్కులో పడ్డాడు. ఒకవైపు వ్రతం, ఇంకోవైపు ముసలివాడి ప్రాణం. తర్జనభర్జన పడి, చివరికి ఒప్పుకొని దగ్గరికి వచ్చాడు. అప్పుడు ఆమే వెనక్కి జరిగింది. చెడనివాళ్ళను చెరపకూడదన్నది వాళ్ళమ్మ చెప్పిన మాటట. వేశ్యమాత అనగానే శ్రీహరిలాంటి మనిషి కళ్ళముందు మెదిలే తెలుగువాళ్ళకు ఇంతకన్నా చెంపపెట్టు ఏముంది?

సౌజన్యారావు భగవద్గీత చేతికిస్తే, ఆ కృష్ణుడు నాచ్‌కు, అంటే భోగంవాళ్ళ ఆటపాటకు, వ్యతిరేకి అయితే కాదు కదా అన్న అర్థం వచ్చేలా ఒక చురక వేస్తుంది. నవ్వుతూ వేసిన ఆ చురక సంస్కర్త గుండెకు సూటిగా తగులుతుంది.

ఇక్కడ ఎవరు మారారు? బాగుపడాల్సినదిగా లోకం లెక్కగట్టింది మధురవాణిని. ఆమె వచ్చినట్టే వచ్చింది, వెళ్ళినట్టే వెళ్ళింది. కదిలింది సౌజన్యారావు, ఏ లోపమూ లేదనుకున్న మనిషి. మనుషులను ముట్టదగినవాళ్ళు, ముట్టరానివాళ్ళుగా విడగొట్టుకోవడం అనే లోపం ఆయనకుందని ఆ రాత్రి దాకా ఎవరూ, ఆయన కూడా, గమనించలేదు. చింతామణిలో సాని బాగుపడి మగవాణ్ణి బాగుచేస్తుంది. కన్యాశుల్కంలో సాని ఉన్నచోటే ఉండి బాగున్నవాణ్ణి బాగుచేసింది. పుట్టిన వరసలో చింతామణి తరవాతిది. ఆలోచనలో మాత్రం కన్యాశుల్కమే ముందుకు పోయింది. సంస్కరణ నాటకమనే ముద్రను కన్యాశుల్కం నుంచి ఊడబీకడానికి 2007లో ఇంగ్లీషు అనువాదంతో పాటు వెల్చేరు నారాయణరావు ఒక పెద్ద వ్యాసమే రాశాడు. అందులో అన్నీ ఒప్పుకోకపోయినా, సంస్కర్తను కూడా పరీక్షకు పెట్టిన నాటకం ఇది అన్న మాట కాదనడం కష్టం.

మరి ఈ నాటకంలోని వంచకుడు గిరీశం సంగతి? పూటకూళ్ళమ్మను ముంచాడు, మధురవాణిని ముంచాడు, శిష్యుడు వెంకటేశం చదువును చుట్టపొగలో ఊదేశాడు, బుచ్చమ్మను లేపుకొచ్చాడు. చివర్లో గుట్టంతా బయటపడ్డాక సౌజన్యారావు అతణ్ణి జైలుకు పంపలేదు, తన్ని తరమలేదు. బుచ్చమ్మను పూనా వితంతు శరణాలయానికి పంపే ఏర్పాటు చేసి, అతణ్ణి వెళ్ళి చదువుకొమ్మన్నాడు, బి.ఏ. ప్యాసయ్యాక చూద్దామన్నాడు. మారడానికి ఇంతకన్నా మంచి అవకాశం ఏ నాటకంలో ఏ వంచకుడికీ దొరకలేదు. దానికి గిరీశం ఇచ్చిన జవాబు ఏమిటో తెలుగువాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. నాటకంలో ఆఖరి మాట అదే. అందులో తప్పు చేశానన్న బాధ లవలేశమైనా లేదు. ఎత్తు పారలేదన్న చికాకు ఉంది.

గురజాడ అక్కడ తెర దించేశాడు. గిరీశం బి.ఏ. చదివాడా, బుచ్చమ్మ అతడి కోసం చూసిందా, చూడకుండా తన దారి తను చూసుకుందా? తేల్చలేదు. ప్రేక్షకులు అప్పటినుంచీ తేల్చుకుంటూనే ఉన్నారు. బుచ్చమ్మ మీద అతడికి నిజంగా మనసు పడిందని వాదించేవాళ్ళున్నారు, వాడి మొహం అని కొట్టిపారేసేవాళ్ళున్నారు. 1955లో పి. పుల్లయ్య సినిమా తీస్తే, అప్పటికే జనం నెత్తిన పెట్టుకున్న ఎన్.టి.రామారావు గిరీశమయ్యాడు, సావిత్రి మధురవాణి. హీరో మొహం పెట్టుకున్న వంచకుణ్ణి క్షమించకుండా ఉండటం ఎంత కష్టమో ఆ సినిమా చూస్తే తెలుస్తుంది. రంగస్థలం మీద జె.వి. రమణమూర్తి ఏళ్ళ తరబడి అదే వేషం వేశాడు, అన్న సోమయాజులు రామప్పపంతులు. వాళ్ళు ఆడిన నాటకంలో గిరీశం ఎప్పటికప్పుడు దొరికిపోతాడు, మరునాడు ఇంకో ఊళ్ళో మళ్ళీ మొదటినుంచి కోతలు కోస్తాడు. ఒక్క రాత్రీ మారలేదు. మారి ఉంటే రెండో రాత్రి టిక్కెట్టు ఎవరు కొంటారు?

స్టేజీ బయట ఈ ప్రశ్న నవ్వులాటగా లేదు. 1890ల నుంచి నాచ్ వ్యతిరేక ఉద్యమం నడిచింది. మారండి అని వేశ్యాకులాల స్త్రీలకు చెప్పారు, ఆట మానండి, పాట మానండి, పెళ్ళి చేసుకోండి అని. మధురవాణి కొత్త రూపంతో వచ్చిన మరుసటి ఏడు, 1910లో, బెంగుళూరు నాగరత్నమ్మ ముద్దుపళని రాధికాసాంత్వనాన్ని వావిళ్ళవారి ద్వారా అచ్చువేయించింది. ముద్దుపళని తంజావూరు ఆస్థానపు భోగస్త్రీ. ఆమె పుస్తకాన్ని కందుకూరి అంతకు ముందే నీచమని తీసిపారేశాడు. ఒక స్త్రీ రాసిన శృంగారమే తప్పయితే మగకవుల సంగతేమిటని నాగరత్నమ్మ నిలదీసింది. ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. 1947లో టంగుటూరి ప్రకాశం హయాంలో ఆ నిషేధం పోయింది. అదే ఏడాది మద్రాసు దేవదాసీ చట్టం వచ్చి, గుళ్ళకు ఆడపిల్లలను అంకితం చేయడం నేరమైంది. ఒకే ఏట పుస్తకం విడుదలైంది, వృత్తి మూతపడింది. నాటకంలో మధురవాణి సౌజన్యారావుతో తేల్చుకున్న లెక్క బయట నాగరత్నమ్మ వీరేశలింగంతో తేల్చుకోవాల్సి వచ్చింది. ఆ సంస్కర్తకు మాత్రం అలాంటి రాత్రి ఒకటి ఎదురుకాలేదు.

అప్పటికి స్టేజీ మీద మాట మారిపోయింది. సుంకర, వాసిరెడ్డి రాసిన మా భూమిని ప్రజానాట్యమండలి దళాలు ఊరూరా ఆడాయి. అందులో దొర మారతాడా అని ఎవరూ ఎదురుచూడలేదు. దొర గుండె కరిగితే భూమి వస్తుందని నమ్మినవాళ్ళు కాదు ఆ నాటకం చూడటానికి వచ్చింది.

మళ్ళీ పద్యనాటకానికి వద్దాం. స్థానం నరసింహారావు వేసిన వేషాల్లో దేవదేవి ఉంది, చింతామణి ఉంది, మధురవాణి ఉంది. పందెం కట్టి సాధువును చెరిపిన సాని, చెడినవాణ్ణి దారికి తెచ్చిన సాని, చెడనివాణ్ణి చెరపనన్న సాని. మూడు వందల ఏళ్ళ తెలుగు ఊహ ఒక్క మనిషి ఒంటి మీద చీరలు మార్చుకుంది. ఇంకో రాత్రి శ్రీకృష్ణతులాభారంలో ఆయనే సత్యభామ. తులసిదళం ముందు గర్వం అణిగి తలదించుకునేది. ఆ మరుసటి ఆటలో ఆయన స్వయంగా రాసుకున్న పాట ఎత్తుకొని అదే గర్వంతో వయ్యారంగా మళ్ళీ నడిచివచ్చేది. సత్యభామ నిజంగా మారి ఉంటే జనం నష్టపోయేవాళ్ళు.

కాంట్రాక్టు నాటకాల రోజులు వచ్చాక ఇది ఇంకా స్పష్టంగా కనబడింది. పేరున్న నటులను ఒక్కొక్కరినీ ఒక్కో ఊరినుంచి పిలిపించి, రైలు దిగినవాళ్ళను దిగినట్టే రిహార్సలు లేకుండా ఒక స్టేజీ ఎక్కించేవాళ్ళు. పాండవోద్యోగ విజయాలకు ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని పోస్టరు మీదే వేసేవాళ్ళు. ఒకాయన పడకసీనుకు పేరు, ఒకాయన రాయబారానికి పేరు. హరిశ్చంద్రకూ అంతే. మొదటి సగానికి ఒక హరిశ్చంద్రుడు, కాటిసీనుకు ఇంకొకడు. మొదటాయన సన్నగా పొడుగ్గా ఉండొచ్చు, రెండో ఆయన బొద్దుగా పొట్టిగా ఉండొచ్చు. జనం ఏమీ అనుకునేవాళ్ళు కాదు. కష్టాలు మనిషిని ఎంత మారుస్తాయో అంతా మార్చాయి మరి.

రాత్రి రెండు గంటలకు తెర వెనక చూస్తే ఇద్దరూ పక్కపక్కనే కనబడేవాళ్ళు. రాజ్యం పోగొట్టుకొని వచ్చిన హరిశ్చంద్రుడు కిరీటం పెట్టెలో పెట్టేసి, కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటూ, పొద్దున బండి ఎన్నింటికో కనుక్కుంటున్నాడు. కాటికాపరి హరిశ్చంద్రుడు నల్ల కంబళి భుజాన వేసుకొని, వేడినీళ్ళతో గొంతు తడుపుకొని, శ్రుతి సరిగ్గా ఉందో లేదో సన్నగా కూనిరాగం తీసి చూసుకుంటున్నాడు. బయట నక్షత్రకుడు ఇంకా అప్పు అడుగుతూనే ఉన్నాడు.